మొదటి సూదికి ముందు రాసుకోవలసిన అంకె: యాంటీబయాటిక్ చికిత్సలో మూత్రపిండాలను కనిపెట్టుకొని ఉండే పద్ధతి

ఆసుపత్రి మందుల విభాగంలో పనిచేసే మాకు, మంచం మీద పడుకున్న రోగితో కన్నా ఆ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న మనిషితోనే ఎక్కువ మాటలు నడుస్తాయి. వారు అడిగే ప్రశ్నల్లో నన్ను ఎప్పుడూ ఆపేసేది ఒకటుంది: "జ్వరమని తెచ్చి చేర్పించాం కదా మేడమ్, ఇప్పుడు కిడ్నీ డాక్టరు గారు ఎందుకు వచ్చి చూసి వెళ్లారు?" దీనికి సరైన జవాబు చెప్పాలంటే ఒక అంకె కావాలి. చికిత్స మొదలు కాకముందు ఆ రోగి రక్తంలో క్రియాటినిన్ ఎంత ఉండేదన్నదే ఆ అంకె. క్రియాటినిన్ అంటే మూత్రపిండాలు బయటకు పంపవలసిన ఒక వ్యర్థం; వాటి పని తగ్గితే రక్తంలో అది పెరుగుతుంది. అది చేతిలో ఉంటే, మూత్రపిండాలకు తగిలిన దెబ్బ రోగంతోనే వచ్చిందా, మందు పడిన తరువాత వచ్చిందా, లేక ఏళ్ల తరబడి లోపల ఉన్న లోపమే ఇప్పుడు బయటపడిందా అన్నది చాలావరకు తేల్చవచ్చు. అది లేనప్పుడు ఎంత అనుభవం ఉన్న వైద్యుడైనా కొంత ఊహ మీద నడవవలసి వస్తుంది.

రోగిని దగ్గరుండి చూసుకునే కుటుంబ సభ్యులను ఉద్దేశించి ఇది రాస్తున్నాను. ముందుగా ఒక మాట. తీవ్రమైన ఇన్ఫెక్షన్ తానే మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. రక్తపోటు పడిపోయి, వాంతులతో, విరేచనాలతో నీరు పోయి, మూత్రపిండాలకు రక్తం చాలకపోవడమే ఆసుపత్రుల్లో మేము ఎక్కువగా చూసే కారణం. అటువంటి రోగిని బతికించేది యాంటీబయాటికే. కాబట్టి ఇక్కడ రాసినది చదివి మందు మానేయాలని ఎవరూ అనుకోకూడదు. మందు పడుతూ ఉండగానే మూత్రపిండాల మీద ఒక కన్ను వేసి ఉంచడం ఎలాగన్నదే ఇక్కడి విషయం.

మందు మూత్రపిండంలో చేసే పని

గుండె నుంచి వెలువడే రక్తంలో సుమారు ఐదో వంతు మూత్రపిండాలకే వెళుతుంది. అక్కడి వడపోత గుచ్ఛాలు రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో ఒకటిన్నర, రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటకు వస్తుంది. మిగిలినదంతా సన్నని నాళికల గోడల్లో ఉన్న కణాలు తిరిగి లోపలికి లాక్కుంటాయి. నీరు అలా వెనక్కి పోయేకొద్దీ నాళికలో మిగిలిన మందు చిక్కబడుతుంది. శరీరంలో మరే అవయవం ఇంత మందును ఇంత చిక్కగా ఎదుర్కోదు.

అమికాసిన్, జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి సూది మందుల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో, పట్టణాల్లో వీటి వాడకం ఎక్కువ. నాళిక మొదటి భాగంలోని కణాల పైన, వడపోతలో జారిపోయిన ప్రొటీన్లను తిరిగి పట్టి తెచ్చుకోవడానికి మెగాలిన్ అనే ఒక పట్టుకొమ్మ ఉంటుంది. అమికాసిన్ ఆ కొమ్మనే పట్టుకొని కణంలోకి దిగి, అక్కడి చెత్త అరిగే సంచుల్లో పేరుకుపోతుంది. ఆ సంచులు కొవ్వును అరిగించలేక ఉబ్బి, చివరకు కణమే చచ్చిపోతుంది. ఇది ఒక్క డోసుతో జరిగేది కాదు. రోజురోజుకూ పోగుపడి, సాధారణంగా ఐదు నుంచి ఏడు రోజులు గడిచాక క్రియాటినిన్ పెరగడం కనిపిస్తుంది. కణాల్లో చేరిన మందు వెంటనే బయటకు పోదు కనుక, సూదులు ఆపిన తరువాత కూడా ఆ అంకె కొన్ని రోజులు పెరుగుతూ ఉండవచ్చు.

మెగాలిన్ ఒకసారికి పట్టుకోగల మందుకు ఒక హద్దు ఉంది. అందువల్ల రోజు మోతాదంతా ఒకేసారి ఇచ్చి, మిగిలిన గంటల్లో మూత్రపిండాన్ని ఊపిరి పీల్చుకోనిస్తే, అదే మోతాదును రెండు మూడు పూటలుగా పంచి ఇచ్చినప్పటి కంటే నష్టం తక్కువని వైద్యులు గుర్తించారు. గుండె కవాటాల ఇన్ఫెక్షన్ వంటి కొన్ని జబ్బుల్లో మాత్రం పూటలుగానే ఇవ్వవలసి రావచ్చు. "రోజుకు ఒక్కసారి ఇచ్చే వీలుందా డాక్టరు గారూ?" అని అడగడంలో తప్పేమీ లేదు.

వాంకోమైసిన్, కొలిస్టిన్ కూడా నాళికల కణాలనే దెబ్బతీస్తాయి. కొలిస్టిన్ కథ తెలుసుకోదగినది. జపాన్‌లో ఒక నేల బాక్టీరియా నుంచి తీసిన ఈ మందును, మూత్రపిండాలకు చేటు చేస్తోందని 1970ల నాటికి వైద్యులు దాదాపు పక్కన పెట్టేశారు. మిగిలిన మందులకు లొంగని సూక్ష్మజీవులు పెరగడంతో దాన్ని మళ్లీ ఐసీయూల్లోకి తెచ్చుకోక తప్పలేదు. అది వాడుతున్నారంటే రోగికి వేరే దారులు తక్కువగా ఉన్నాయని అర్థం. అటువంటప్పుడు క్రియాటినిన్ పరీక్ష రోజూ జరుగుతోందా అని చూసుకోవడం మన వంతు.

ఇంతవరకు చెప్పినది మందు విషప్రభావం వల్ల వచ్చే మొదటి రకం దెబ్బ. రెండో రకం దెబ్బ విషప్రభావం వల్ల వచ్చేది కాదు, మందు ఒంటికి పడకపోవడం (అలర్జీ) వల్ల వచ్చేది. పెనిసిలిన్ జాతి మందులు, సెఫలోస్పోరిన్లు, సిప్రోఫ్లాక్సాసిన్, సల్ఫా మందులు, క్షయకు వాడే రిఫాంపిసిన్ దీన్ని తేగలవు. మూడో రకం, మందు మూత్రంలో స్ఫటికాలుగా గడ్డకట్టి నాళికలను మూసేయడం. సల్ఫా మందులతోను, కొన్నిసార్లు సిప్రోఫ్లాక్సాసిన్‌తోను ఇది జరుగుతుంది. నీళ్లు బాగా తాగే మనిషికి ఈ మూడోది అరుదు.

మొదటి సూదికి ముందు

అమికాసిన్, జెంటామైసిన్, వాంకోమైసిన్, కొలిస్టిన్ — ఈ నాలుగింటిలో ఏది మొదలుపెడుతున్నా, మొదటి డోసుకు ముందు సీరం క్రియాటినిన్‌కు రక్తం తీయించండి. ప్రాణాపాయ స్థితిలో ఫలితం వచ్చేవరకు మందు ఆపనక్కరలేదు. రక్తం తీసి పంపి, వెంటనే సూది వేయవచ్చు. గత ఏడాది రెండేళ్లలో ఎక్కడైనా చేయించిన పాత రిపోర్టు ఇంట్లో ఉంటే, అది షుగరు పరీక్షతో పాటు చేసినదైనా సరే, వెతికి తెప్పించండి. ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి వాట్సాప్‌లో ఫోటో పంపమంటే ఐదు నిమిషాల పని. ఆ పాత కాగితం ఒక్కటే నిర్ణయాన్ని మార్చివేసిన సందర్భాలు నేను చాలా చూశాను.

తరువాత ఆ అంకెను సరిగా చదవాలి. క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది కనుక, కండ తక్కువగా ఉన్న ముసలివాళ్లలో అది మామూలుగా కనిపిస్తూనే మోసం చేస్తుంది. దీనికి 1976 నుంచి వాడుకలో ఉన్న కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరి లెక్క ఒకటుంది: 140 నుంచి వయసు తీసివేసి, బరువుతో గుణించి, దాన్ని 72తో గుణించిన క్రియాటినిన్‌తో భాగించాలి, ఆడవారికైతే వచ్చినదాన్ని మళ్లీ 0.85తో గుణించాలి. రిపోర్టులో క్రియాటినిన్ 1.2 (డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో; ఇక్కడి క్రియాటినిన్ అంకెలన్నీ ఆ కొలతలోనే) అని ఉన్న ఇద్దరిని తీసుకుందాం. 30 ఏళ్ల, 70 కిలోల యువకుడికి ఈ లెక్క నిమిషానికి 89 మిల్లీలీటర్ల వడపోత చూపిస్తుంది. 72 ఏళ్ల, 45 కిలోల అవ్వకు అదే 1.2 దగ్గర వచ్చేది 30 మాత్రమే. ల్యాబు కాగితం మీద ఇద్దరి అంకె ఒకటే, దాని పక్కన హెచ్చరిక గుర్తు కూడా ఉండకపోవచ్చు, కానీ ఆ అవ్వ మూత్రపిండాలు ఆ యువకుడి మూత్రపిండాల పనిలో మూడో వంతే చేస్తున్నాయి. ఇద్దరికీ ఒకే మోతాదు రాస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

అందుకే బరువు తూయించడం అంత ముఖ్యం. అమికాసిన్ సాధారణ మోతాదు కిలో బరువుకు రోజుకు 15 ఎం.జి. చొప్పున ఉంటుంది. 45 కిలోల మనిషికి అది 675 ఎం.జి. అవుతుంది. చీటీ మీద "500 ఎం.జి., రెండు పూటలా" అని అలవాటుగా రాసేస్తే ఆ మనిషికి పడేది 1000 ఎం.జి., అంటే కిలోకు 22 దాటి. ఐసీయూలో తీవ్రమైన స్థితిలో మొదటి డోసు కావాలనే పెద్దగా ఇచ్చే సందర్భాలు ఉన్నాయి. అది ఆలోచించి చేసిన పని. బరువు అడగకుండా రాసిన మోతాదు అటువంటిది కాదు. నిలబడలేని రోగిని తూయడం కష్టమే. ఎత్తుకోగలిగినంత తేలికైన మనిషైతే ఇద్దరూ కలిసి ఒకసారి, ఎత్తుకున్నవారు ఒక్కరే ఒకసారి తూకం ఎక్కి తేడా తీయవచ్చు. అదీ కుదరకపోతే ఈ మధ్య ఆరోగ్య శిబిరంలోనో, ఆశా కార్యకర్త దగ్గరో తూచిన బరువు చెప్పండి.

డాక్టరు గారికి ముందే చెప్పవలసినవి మరికొన్ని ఉన్నాయి: షుగరు, బీపీ, గుండె జబ్బు, కాలేయ జబ్బు ఉన్నాయా, గతంలో రాళ్లు గాని, ప్రోస్టేట్ ఇబ్బంది గాని ఉన్నాయా, ఒకే కిడ్నీ ఉందా, ఏ మందుకైనా ఒంటి మీద దద్దుర్లు వచ్చాయా. ఇంకొకటి చాలామందికి తట్టదు. తల్లి వైపు బంధువుల్లో ఎవరికైనా స్ట్రెప్టోమైసిన్ లేదా జెంటామైసిన్ సూదుల తరువాత చెవుడు వచ్చి ఉంటే అది తప్పక చెప్పాలి. తల్లి నుంచి మాత్రమే సంక్రమించే ఒక జన్యు మార్పు వల్ల అటువంటి కుటుంబాల్లో కొద్ది మోతాదుకే వినికిడి పోవచ్చు, అది తిరిగి రాదు. ఇది మూత్రపిండాల విషయం కాకపోయినా, అదే మందు, అదే చీటీ కనుక ఇక్కడే చెబుతున్నాను.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం వారికి ప్రత్యేకంగా ఒక మాట. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో ఎందరో ఏ బాధా తెలియకుండానే మూత్రపిండాల పనిని పోగొట్టుకొని ఉన్నారు. అక్కడి జబ్బులో చాలాకాలం మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు, కాళ్లు వాయవు, మనిషి కొబ్బరితోటలోనో, జీడితోటలోనో పనికి వెళుతూనే ఉంటాడు. ఆ ఊళ్లలో పుట్టి పెరిగి హైదరాబాదులోనో, విశాఖలోనో, గల్ఫులోనో ఉన్నవారు సైతం, ఎక్కడ ఆసుపత్రిలో చేరినా "మాది ఉద్దానం, ముందు క్రియాటినిన్ చూడండి" అని చెప్పడం అలవాటు చేసుకోవాలి.

మూత్రం బాగా వస్తోందన్న ధీమా

కొన్నేళ్ల క్రితం మా వార్డులో ఒక పెద్దావిడకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి అమికాసిన్ పడుతోంది. కొడుకు శ్రద్ధ గల మనిషి. నర్సమ్మ చెప్పిందని చిన్న నోటుపుస్తకం కొని, మూత్రం సంచి ఖాళీ చేసిన ప్రతిసారీ కొలత రాసేవాడు: 400, 350, 450, పక్కనే సమయం. ఏడో రోజు ఉదయం నేను చార్టు చూస్తుండగా ఆ పుస్తకం తెచ్చి చూపించి, "అమ్మకు రోజుకు లీటరున్నర దాటే వస్తోంది మేడమ్, కిడ్నీలు బ్రహ్మాండంగా ఉన్నట్టే కదా" అన్నాడు. ఆ ఉదయమే వచ్చిన రిపోర్టులో క్రియాటినిన్ 3.1 ఉంది. చేరిన రోజున 0.9. మధ్యలో ఐదు రోజులపాటు ఆ పరీక్ష చేయాలని ఎవరికీ తట్టలేదు. తట్టనివారిలో నేనూ ఉన్నాను. ఆ సంచి నిండుగానే వేలాడుతూ ఉంది.

అమికాసిన్ జాతి మందుల దెబ్బకు ఇదే ప్రత్యేక లక్షణం. వడపోత తగ్గుతూనే, నీటిని వెనక్కి లాక్కునే శక్తి కూడా నాళికలకు పోతుంది కనుక, పలుచని మూత్రం మామూలుగానో, మామూలుకు మించో వస్తూ ఉంటుంది. వ్యర్థాలు మాత్రం రక్తంలోనే నిలిచిపోతాయి. కనుక మూత్రం తగ్గితే ప్రమాద సూచనే, కానీ తగ్గకపోతే క్షేమమని అనుకోవడానికి వీల్లేదు. ఈ ఒక్క విషయం మంచం పక్కన కూర్చున్న ప్రతివారికీ తెలియాలని నా కోరిక.

కొలత వ్యర్థమని నా ఉద్దేశం కాదు. మూత్రపిండాల దెబ్బను గుర్తించడానికి 2012 నుంచి వైద్యలోకం వాడుతున్న ప్రమాణం రెండింటినీ చూస్తుంది. క్రియాటినిన్ 48 గంటల్లో 0.3 పెరిగినా, ఏడు రోజుల్లో మొదటి అంకెకు ఒకటిన్నర రెట్లు అయినా దెబ్బ తగిలినట్టే లెక్క. మూత్రమైతే కిలో బరువుకు గంటకు అర మిల్లీలీటరు కంటే తక్కువగా ఆరు గంటలు వస్తే అదీ దెబ్బే. 60 కిలోల మనిషికి అది గంటకు 30 మిల్లీలీటర్లు, ఆరు గంటలకు 180, అంటే ఒక టీ గ్లాసుకు కాస్త ఎక్కువ. ఈ ప్రమాణాన్ని ఇంకోసారి చూస్తే మొదటి అంకె విలువ అర్థమవుతుంది. 0.7 ఉన్న మనిషికి 1.1 వస్తే ల్యాబు కాగితం దాన్ని మామూలు హద్దుల్లోనే చూపిస్తుంది. నిజానికి అది ఒకటిన్నర రెట్లు దాటింది.

కాబట్టి నోటుపుస్తకంలో మూత్రం కొలత పక్కన ఇంకో గడి గీయండి. అందులో తేదీ, క్రియాటినిన్, వీలైతే పొటాషియం రాయండి. పైన చెప్పిన నాలుగు మందుల్లో ఏది పడుతున్నా, కనీసం రెండు మూడు రోజులకు ఒకసారి ఆ గడి నిండాలి. ఐసీయూలో రోజూ నిండాలి. మూడు రోజులు ఖాళీగా ఉంటే రౌండ్లకు వచ్చిన డాక్టరు గారిని మర్యాదగా అడగండి: "ఇవాళ క్రియాటినిన్ పంపుతారా అండీ?" ఈ పరీక్షకు అయ్యే ఖర్చు చాలా చిన్నది. వాంకోమైసిన్ కొన్ని రోజులకు మించి సాగేటట్టయితే, రక్తంలో ఆ మందు ఎంత ఉందో కొలిచే పరీక్ష కూడా ఉంది. పెద్ద ఆసుపత్రుల్లో చేస్తారు, అడగవచ్చు. వాంకోమైసిన్‌తో పాటు పిపరసిలిన్-టాజోబాక్టమ్ అనే మరో యాంటీబయాటిక్ కూడా ఇస్తున్నప్పుడు క్రియాటినిన్ పెరగడం ఎక్కువగా చూస్తున్నాం కనుక ఆ జంట పడుతున్న రోగిని మరింత దగ్గరగా కనిపెట్టాలి.

చెవుల్లో గుయ్యిమని మోత, నడుస్తుంటే తూలడం, మాట సరిగా వినిపించడం లేదనడం, ఇవి అమికాసిన్ పడుతున్న మనిషి చెబితే ముసలితనం అనో, నీరసం అనో కొట్టిపారేయకుండా ఆ పూటే చెప్పండి.

పక్కన పడే మందులు

ఒక్క యాంటీబయాటిక్‌తోనే మూత్రపిండం దెబ్బతిన్న కేసుల కంటే, దానికి మరొకటి తోడైన కేసులే నా అనుభవంలో ఎక్కువ. ఆ తోడు చాలాసార్లు నొప్పి మాత్ర. మూత్రపిండానికి రక్తం తక్కువైనప్పుడు, లోపలికి వచ్చే ధమనిని తెరిచి ఉంచే కొన్ని రసాయనాలను శరీరం తయారుచేసుకుంటుంది. డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నిమెసులైడ్ ఆ రసాయనాలనే ఆపేస్తాయి. జ్వరంతో తిండి తగ్గి, నీరు తగ్గి, ఒళ్లు ఎండిపోయిన మనిషికి ఒక పిరుదుకు అమికాసిన్, మరో పిరుదుకు డైక్లోఫెనాక్ వేస్తే, ఒక చేత్తో విషం పోసి రెండో చేత్తో నీళ్ల పంపు కట్టేసినట్టే. మన పల్లెల్లో ఆర్‌ఎంపీల దగ్గర ఈ రెండు సూదులూ జంటగా పడటం ఎవరికీ కొత్త కాదు. రాత్రిపూట పిలిస్తే వచ్చేది వారే కనుక వారిని తిట్టడం నా పని కాదు. కానీ "ఏ మందు వేస్తున్నావన్నా, పేరు కాగితం మీద రాసివ్వు" అని అడిగి, ఆ సీసా మూతను, అట్టపెట్టెను దాచిపెట్టడం మీరు చేయగలిగిన పని. జ్వరానికి, ఒళ్లు నొప్పులకు పారాసెటమాల్ చాలని చెప్పండి. అమికాసిన్ వంటి సూదిని రక్త పరీక్ష లేకుండా ఇంట్లో మంచం మీద ఐదు రోజులు వేయించుకోవడానికి ఒప్పుకోకండి.

బీపీ మాత్రల్లో టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి, నీరు దిగడానికి వాడే ఫ్యూరోసెమైడ్ వంటివి, రోగి వాంతులతో, విరేచనాలతో ఎండిపోయి ఉన్నప్పుడు మూత్రపిండానికి భారమవుతాయి. వీటిని కొన్నాళ్లు ఆపాలా వద్దా అన్నది వైద్యులు తేల్చాలి. రోగి ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్రల డబ్బాలోంచి ఎవరికీ చెప్పకుండా వేసుకుంటూ ఉండటం మాత్రం ప్రమాదం. ఆ డబ్బా మొత్తం తెచ్చి నర్సు ముందు పెట్టండి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతుంటే అదీ చెప్పాలి. సీటీ స్కానులో రంగుమందు ఎక్కించబోతున్నారని తెలిస్తే, అమికాసిన్ పడుతున్న సంగతి స్కాను గదిలో కూడా గుర్తు చేయండి. నాటు మందుల భస్మాలు, ఆకు పసర్లు ఈ రోజుల్లో పూర్తిగా ఆపాలి.

నీరు తగినంత అందడం మంచి రక్షణ. తాగగలిగిన రోగికి మజ్జిగ, గంజి, బార్లీ నీళ్లు, ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా ఇవ్వవచ్చు. ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. గుండె బలహీనంగా ఉన్నవారికి, ఇప్పటికే కాళ్లవాపు ఉన్నవారికి ఎంత తాగించాలో అడిగిన తరువాతే తాగించాలి. రెండోది కొబ్బరి నీళ్లు. చూడటానికి వచ్చిన ప్రతి బంధువూ రెండు బోండాలు పట్టుకొస్తారు, అది మన ప్రేమ. కానీ కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. క్రియాటినిన్ పెరుగుతున్న రోగికి ఆ పొటాషియం బయటకు పోయే దారి ఉండదు; అది గుండె లయను చెడగొట్టగలదు. అమికాసిన్ జాతి మందు కొందరిలో నాళికలను దెబ్బతీసి పొటాషియం, మెగ్నీషియం అతిగా పోయేటట్టు కూడా చేస్తుంది కనుక, పరీక్ష చూడకుండా ఇటూ అటూ ఏదీ ఊహించుకోకూడదు.

దద్దుర్లు, జ్వరం, మళ్లీ మొదలుపెట్టిన మాత్ర

ఒంటికి పడకపోవడం వల్ల వచ్చే దెబ్బను పట్టుకోవడం కష్టం. మందు మొదలైన వారం పది రోజులకు, తగ్గిన జ్వరం మళ్లీ రావడం, ఒంటి మీద దద్దుర్లు లేవడం, రక్తంలో ఇసినోఫిల్ కణాలు (అలర్జీలో పెరిగే ఒక రకం తెల్లరక్త కణాలు) పెరగడం దాని గుర్తులని పుస్తకాల్లో రాసి ఉంటుంది. ఆ మూడూ కలిసి కనిపించేది పది మందిలో ఒకరికే. మిగిలినవారిలో నీరసం, ఆకలి లేకపోవడం, వికారం తప్ప ఏమీ ఉండకపోవచ్చు. అందుచేత ఇంటి దగ్గర మాత్రల కోర్సు వాడుతున్నవారికి కూడా, దద్దుర్లు వచ్చినా, కారణం తెలియని జ్వరం తిరగబెట్టినా, మూత్రం ఎర్రబడినా, నురగ వచ్చినా, తగ్గినా, మందు రాసిన డాక్టరు గారికి అదే రోజు చూపించి క్రియాటినిన్, మూత్ర పరీక్ష చేయించుకోవాలి. త్వరగా గుర్తించి ఆ మందు ఆపితే చాలామంది కోలుకుంటారు. కొందరికి స్టెరాయిడ్లు అవసరమవుతాయి. నాన్చితే మూత్రపిండంలో మచ్చలు మిగిలిపోతాయి.

క్షయకు మందులు వాడేవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. రిఫాంపిసిన్ వాడుతుంటే మూత్రం నారింజ రంగులోకి మారడం సహజం. అది రక్తం కాదు, భయపడనక్కరలేదు. కానీ మధ్యలో కొన్ని వారాలు మానేసి, దగ్గు తిరగబెట్టిందని పాత మాత్రలు తీసి సొంతంగా మళ్లీ మొదలుపెడితే, శరీరం ఆ మందు మీద తిరగబడి, మొదటి రోజుల్లోనే మూత్రపిండాలు హఠాత్తుగా ఆగిపోయే ప్రమాదం ఉంది. ఆపిన కోర్సును మళ్లీ మొదలుపెట్టేది టీబీ కేంద్రంలోనే, డాక్టరు చూసిన తరువాతే.

అంకె పెరిగిందని తెలిసినప్పుడు

మొదట తేల్చుకోవలసింది అది నిజమైన పెరుగుదలేనా అన్నది. కో-ట్రైమాక్సజోల్ అనే సల్ఫా యాంటీబయాటిక్‌లో ఉండే ట్రైమెథోప్రిమ్, క్రియాటినిన్ నాళికల గుండా బయటకు పోవడాన్ని అడ్డుకుంటుంది. అందువల్ల మూత్రపిండానికి ఏ దెబ్బా తగలకుండానే ఆ అంకె కొద్దిగా పెరుగుతుంది, మందు ఆపాక దిగుతుంది. అయితే అదే మందు పొటాషియాన్ని నిజంగానే పెంచుతుంది. టెల్మిసార్టాన్ వంటి బీపీ మాత్రలు గాని, స్పైరోనోలాక్టోన్ అనే నీరు దిగే మాత్ర గాని వాడే పెద్దవారికి కో-ట్రైమాక్సజోల్ రాస్తే, కొద్ది రోజుల్లోనే పొటాషియం చూడాలని అడగండి.

పెరుగుదల నిజమైనదైతే డాక్టరు గారిని అడగవలసినవి మూడే. ఈ సూక్ష్మజీవికి, అది ఏ మందుకు లొంగుతుందో చెప్పే కల్చర్ రిపోర్టు ప్రకారం, మూత్రపిండాలకు ఇంత భారం కాని వేరే మందు పనిచేస్తుందా? లేకపోతే మోతాదునో, డోసుల మధ్య వ్యవధినో మార్చారా? పక్కన పడుతున్న వాటిలో ఆపదగినవి ఆపారా? ఈ మూడింటికీ జవాబు దొరికిన తరువాత కిడ్నీ వైద్యుల సలహా ఎప్పుడు తీసుకోవాలో వారే చెబుతారు. మీ అంతట మీరు సూది వద్దని చెప్పి నర్సును వెనక్కి పంపకండి. ఇన్ఫెక్షన్ అదుపు తప్పితే మూత్రపిండాలతో పాటు మనిషే పోతాడు.

అమికాసిన్ జాతి మందుల దెబ్బ చాలామందిలో, మందు ఆపిన తరువాత సుమారు మూడు వారాల్లో మానుతుంది. చచ్చిన కణాల చోట కొత్త కణాలు మొలుస్తాయి. కొందరికి ఈలోపు డయాలిసిస్ అవసరం కావచ్చు. "ఒక్కసారి డయాలిసిస్ పెడితే జీవితాంతం పెట్టాల్సిందే" అన్న భయంతో ఒప్పుకోక ఆలస్యం చేసిన కుటుంబాలను చూశాను. హఠాత్తుగా తగిలిన దెబ్బకు చేసే డయాలిసిస్, మూత్రపిండం తేరుకునేవరకు దాని పనిని మరొకరు చేసిపెట్టడం వంటిది; తేరుకోగానే ఆపేస్తారు. అందరూ పూర్తిగా కోలుకుంటారని చెప్పలేను. ముందే షుగరుతోనో, బీపీతోనో అరిగిపోయిన మూత్రపిండాలకు పాత బలం తిరిగి రాకపోవచ్చు.

నోటుపుస్తకం తెచ్చిన ఆ కొడుకు సంగతి చెప్పాలి కదా. సూది మార్చారు, మరో నాలుగు రోజులు అంకె 4 దగ్గర ఆగి, తరువాత దిగడం మొదలైంది. ఆయన మాత్రం పుస్తకంలో రెండో గడి గీసి, రాయడం ఆపలేదు. ఇంటికి వెళ్లేనాటికి ఆవిడ అంకె 1.4.

ఇంటికి వెళ్లిన తరువాత

డిశ్చార్జి కాగితంలో మూడు సంగతులు ఉన్నాయో లేదో బయటకు రాకముందే చూసుకోండి: ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులు పడింది, క్రియాటినిన్ మొదట ఎంత, గరిష్ఠంగా ఎంత, వెళ్లేనాటికి ఎంత, మూత్రపిండాల దెబ్బకు ఏ మందు కారణమని అనుకుంటున్నారు. లేకపోతే రాయించుకోండి. అమికాసిన్ కోర్సు అయిపోయిన వారానికి ఒకసారి, దెబ్బ తగిలినవారైతే మూడు నెలలకు మరోసారి క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీను పరీక్ష చేయించాలి. మూడు నెలల తరువాత కూడా తేడా మిగిలి ఉంటే అది దీర్ఘకాలిక జబ్బుగా మారినట్టు, కిడ్నీ వైద్యులను క్రమంగా కలుస్తూ ఉండాలి.

మిగిలిపోయిన మాత్రలను ఇంట్లో దాచకండి, పక్కింటివారికి ఇవ్వకండి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనకు నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థ నుంచి 1948లో వెలువడిన ఆరియోమైసిన్‌తో టెట్రాసైక్లిన్ల జాతి మొదలైంది. లక్షల ప్రాణాలు నిలిపిన ఆ జాతి మందే, గడువు దాటి పాడైనప్పుడు మూత్రపిండ నాళికలను దెబ్బతీసిందని 1963లో వైద్యులు నమోదు చేశారు. ఇప్పటి తయారీ మారింది, నిజమే. అయినా అట్ట మీద ఎర్ర గీత ఉన్న, అంటే డాక్టరు చీటీతోనే కొనవలసిన, మందును పాత చీటీతో, సొంత ఊహతో వాడటానికి అది కారణం కాదు.

చివరి పనిగా, ఒక చిన్న కాగితం మీద మీ వారి పేరు, వయసు, బరువు, మామూలు రోజుల్లోని క్రియాటినిన్, దాని తేదీ, పడని మందు పేరు పెద్ద అక్షరాలతో తెలుగులోను ఇంగ్లీషులోను రాసి, ఆధార్ కార్డు, ఆరోగ్యశ్రీ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులోనే పెట్టండి. అర్ధరాత్రి 108 వచ్చినప్పుడు ఇంట్లో అందరూ ముందుగా వెతికేది ఆ కవరునే.